తుపాకీ ఇచ్చినవాడికీ అందుకున్నవాడికీ మధ్య

2012లో అఫ్ఘానిస్తాన్‌లో తాలిబన్లతో పోరాడుతున్న అమెరికా, నాటో సేనల స్థావరాల్లో ఒక కొత్త డ్యూటీ మొదలైంది. అఫ్ఘాన్ సైనికులకు క్లాసు జరుగుతున్నా, వాళ్ళ అధికారులతో మీటింగ్ జరుగుతున్నా, ఒక విదేశీ సైనికుడు తూటాలు నింపిన తుపాకీతో పక్కనే నిలబడి ఉండాలి. బయటి నుంచి వచ్చే శత్రువు సంగతి వేరేవాళ్ళు చూసుకుంటారు. ఇతను చూడాల్సింది గదిలో కూర్చున్న మిత్రులను. వాళ్ళలో ఎవరైనా తుపాకీ ఇటు తిప్పితే ఆ క్షణమే కాల్చాలి. ఆ డ్యూటీకి 'గార్డియన్ ఏంజెల్' అని పేరు పెట్టారు.

ఆ ఏర్పాటు ఎందుకు అవసరమైందో ఆ ఏడాది లెక్క చూస్తే తెలుస్తుంది. అఫ్ఘాన్ సైన్యం, పోలీసు యూనిఫాంలో ఉన్నవాళ్ళ కాల్పుల్లో 2012 ఒక్క ఏడాదిలోనే 60 మందికి పైగా విదేశీ సైనికులు చనిపోయారు. ఆ సంవత్సరం విదేశీ సేనల మరణాల్లో అది దాదాపు ఏడో వంతు.

తిరుగుబాటును ఎదుర్కోవడానికి ఒక దేశం మరో దేశంలోకి సైన్యాన్ని పంపినప్పుడు, ముందో వెనకో స్థానిక సైన్యాన్ని తయారు చేసే పని మొదలవుతుంది. అది తప్పదు. పరాయి సైన్యం ఎన్నాళ్ళున్నా పరాయిదే. ఊళ్ళో ఎవరు ఎవరికి బంధువో, ఏ ఇంటికి రాత్రిపూట ఎవరు వచ్చి పోతున్నారో దానికి తెలియదు. అది ఏదో ఒక రోజు సర్దుకుని వెళ్ళిపోతుందన్న సంగతి ఊరివాళ్ళకూ తెలుసు, అడవిలోనో కొండల్లోనో ఎదురుచూస్తున్న తిరుగుబాటుదారులకూ తెలుసు. కాబట్టి వెళ్ళేలోపు ఆ బాధ్యతను భుజాన వేసుకునే స్థానిక సైన్యం కావాలి.

ఈ విషయం మీద చర్చ ఎక్కడ జరిగినా ఒకే ప్రశ్న వినిపిస్తుంది: వాళ్ళను మనం నమ్మవచ్చా? వియత్నాం నుంచి అఫ్ఘానిస్తాన్ దాకా ఈ చరిత్ర చదివినకొద్దీ నాకు దానికి ఎదురు ప్రశ్నే పెద్దదిగా కనిపిస్తోంది. వాళ్ళు తమకు తుపాకీ ఇచ్చినవాణ్ణి గానీ, తమను యుద్ధానికి పంపిన సొంత ప్రభుత్వాన్ని గానీ ఎందుకు నమ్మాలి?

లోపలి నుంచి వచ్చిన తూటా

మొదట ఆ కాల్పుల సంగతే చూద్దాం. అప్పట్లో చాలామంది అనుకున్నది, తాలిబన్లు తమ మనుషులను సైన్యంలోకి చొప్పించారని. కొన్ని దాడుల్లో అది నిజమే. కానీ నాటో సేనల కమాండర్‌గా ఉన్న జనరల్ జాన్ ఆలెన్ 2012లో చెప్పిన అంచనా ప్రకారం సుమారు నాలుగో వంతు దాడుల వెనకే తాలిబన్ల హస్తం ఉంది. మిగతావాటిలో ఎక్కువ భాగం వ్యక్తిగత కోపాలు, అవమానాలు, అప్పటికప్పుడు రేగిన గొడవలు.

అంతకు ముందు ఏడాది అమెరికా సైన్యం కోసం జరిగిన ఒక అధ్యయనంలో 600 మందికి పైగా అఫ్ఘాన్ సైనికులను, పోలీసులను కదిపారు. వాళ్ళ ఫిర్యాదులు వింటే బాధేస్తుంది. రాత్రిపూట ఇళ్ళమీద దాడులు, ఆడవాళ్ళున్న గదుల్లోకి వెళ్ళి సోదాలు, కాన్వాయ్ పోతుంటే జనాన్ని రోడ్డు పక్కకు తోసేయడం, మాటకు ముందు ఒక బూతు. అటు అమెరికన్ సైనికులను అడిగితే వాళ్ళ చిట్టా వాళ్ళకుంది: వీళ్ళు మత్తుమందు వాడతారు, డీజిల్ అమ్ముకుంటారు, కాల్పులు మొదలైతే కదలరు, ఎవరికి సమాచారం ఇస్తారో తెలియదు. రెండు వైపులా చెప్పినదాంట్లో నిజముంది. ఒకే గోడ లోపల పడుకుంటున్న రెండు సైన్యాలు ఒకదాన్ని ఒకటి చూసుకున్న తీరు అది.

2012 జనవరి 20న కపీసా ప్రావిన్స్‌లో ఒక అఫ్ఘాన్ సైనికుడు నలుగురు ఫ్రెంచ్ సైనికులను కాల్చి చంపాడు. ఫ్రాన్స్ శిక్షణ ఆపేసి, తన సేనలను అనుకున్నదానికంటే ముందే వెనక్కి పిలవాలని నిర్ణయించింది. ఫిబ్రవరిలో బగ్రామ్ స్థావరంలో ఖురాన్ ప్రతులు తగలబెట్టారన్న వార్తతో దేశం భగ్గుమంది. కొద్ది రోజులకే కాబూల్‌లో హోం మంత్రిత్వశాఖ భవనం లోపల ఇద్దరు అమెరికన్ అధికారులు హత్యకు గురయ్యారు. ఆలెన్ వెంటనే మంత్రిత్వశాఖల్లోని సలహాదారులందరినీ వెనక్కి పిలిపించారు. మార్చిలో కాందహార్ దగ్గర పంజ్వాయిలో ఒక అమెరికన్ సైనికుడు రాత్రిపూట ఇళ్ళలోకి చొరబడి పిల్లలతో సహా 16 మంది పౌరులను చంపాడు. ఇవన్నీ మూడు నెలల్లోపు జరిగినవి. రెండు వైపులా టెన్షన్ ఏ స్థాయిలో ఉండి ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు.

ఇక్కడే అసలు చిక్కు ఉంది. ఇలాంటి దాడి నుంచి రక్షణకు చేసే ప్రతి ఏర్పాటూ శిక్షణనే దెబ్బతీస్తుంది. ఆ సెప్టెంబరులో బెటాలియన్ స్థాయి కంటే కింద ఉమ్మడి గస్తీ తిరగాలంటే పై కమాండర్ అనుమతి తీసుకోవాలని నియమం పెట్టారు. మధ్యలో గోడలు లేచాయి. భోజనాలు వేరయ్యాయి. మీటింగ్‌కు సలహాదారు బులెట్‌ప్రూఫ్ జాకెట్ వేసుకుని వచ్చాడు. పక్కన కూర్చుని టీ తాగే మనిషికీ, కవచం తొడుక్కుని ఎదురుగా కూర్చునే మనిషికీ ఒకే మాట చెప్పబుద్ధి కాదు. పైగా సలహాదారుకు కావాల్సిన సమాచారం, అంటే ఫలానా కుర్రాడు నాలుగు రోజులుగా ఎవరితోనూ మాట్లాడడం లేదు లాంటి కబురు, దగ్గరితనం ఉన్నప్పుడే చెవిన పడుతుంది. దూరం జరిగినకొద్దీ ప్రమాదాన్ని ముందే పసిగట్టే దారి మూసుకుపోతుంది.

ముందే వడపోస్తే సరిపోదా అంటే, వడపోత ఉంది. వేలిముద్రలు, కంటిపాప ఫొటోలు, ఊరి పెద్దల పూచీకత్తు కలిపి ఎనిమిది అంచెల తనిఖీ పెట్టారు. కానీ సైన్యాన్ని ఏటా వేల సంఖ్యలో పెంచాలన్న ఒత్తిడి ఉన్నప్పుడు ఆ అంచెలు మొక్కుబడిగా మారతాయి. అంతకంటే ముఖ్యంగా, చేరిన రోజున ఏ మచ్చా లేని కుర్రాడు రెండేళ్ళ తర్వాత ఊరెళ్ళి అన్న శవాన్ని చూసి తిరిగొస్తే, ఆ మార్పును ఏ వేలిముద్రా పట్టుకోలేదు.

దాడులు తగ్గాయి గానీ ఆగలేదు. 2014 ఆగస్టులో కాబూల్‌లోని సైనిక శిక్షణా ప్రాంగణంలోనే అమెరికన్ మేజర్ జనరల్ హరాల్డ్ గ్రీన్‌ను ఒక అఫ్ఘాన్ సైనికుడు కాల్చి చంపాడు. 2018 అక్టోబరులో కాందహార్ పోలీసు అధిపతి అబ్దుల్ రాజిక్‌ను గవర్నర్ ప్రాంగణంలో ఒక అంగరక్షకుడు చంపినప్పుడు, అమెరికా సేనల కమాండర్ జనరల్ స్కాట్ మిల్లర్ అక్కడే ఉన్నారు. ఆయన ప్రాణాలతో బయటపడ్డారు.

ఏడాదికొక కొత్త గురువు

శిక్షణ అనగానే కవాతు, గురిపెట్టి కాల్చడం గుర్తొస్తాయి. అవి సులువైన భాగం. 2009 ప్రాంతంలో అఫ్ఘాన్ సైన్యంలో చేరేవాళ్ళలో పదిమందిలో ఒకరిద్దరికే చదవడం, రాయడం వచ్చు. ధైర్యానికి చదువుతో పనిలేదు. కానీ మ్యాప్ చూడాలన్నా, ఎన్ని తూటాలు వచ్చాయో ఎన్ని పోయాయో రాయాలన్నా, వాహనం మరమ్మతు పుస్తకం చూసి బిగించాలన్నా అక్షరం కావాలి. సొంత జీతం స్లిప్పు చదవలేని సైనికుణ్ణి అధికారి మోసం చేయడం కూడా తేలిక. దాని సంగతికి తర్వాత వస్తాను.

భాష ఇంకో సమస్య. దక్షిణాది పష్తూన్లు సైన్యంలో చాలా తక్కువగా చేరారు. దరీ మాట్లాడే ఉత్తరాది కుర్రాడు పష్తో మాట్లాడే దక్షిణాది ప్రావిన్స్ హెల్మాండ్‌కు పోస్టింగ్ మీద వెళ్తే, అక్కడి రైతు కంటికి అతనూ బయటివాడే. ఆ కుర్రాడికీ, అతని అమెరికన్ సలహాదారుకూ మధ్య ఒక అనువాదకుడు. ఒక హెచ్చరిక అనువాదంలో సలహాగా మెత్తబడుతుంది, ఒక మర్యాద మాట వెటకారంలా వినిపిస్తుంది. ఎవరికీ తెలియదు, అనువాదకుడికి తప్ప.

ఇంతా చేసి, పరిచయం కుదిరేసరికి సలహాదారు బదిలీ అవుతాడు. చాలామంది ఆరు నెలల నుంచి ఏడాది మాత్రమే ఉన్నారు. మొదటి రెండు నెలలు పేర్లు తెలుసుకోవడానికి, ఆఖరి రెండు నెలలు వెళ్ళే ఏర్పాట్లకు పోతాయి. 20 ఏళ్ళలో ఒక అఫ్ఘాన్ అధికారి 20 మందికి పైగా సలహాదారులను చూసి ఉండవచ్చు. వచ్చిన ప్రతివాడూ కొత్త ఉత్సాహంతో పాత ప్రశ్నలే అడుగుతాడు, తన హయాంలో ప్రగతి జరిగిందని రిపోర్టు రాసి వెళ్తాడు. ఇలాంటప్పుడు అనుభవజ్ఞుడైన స్థానిక అధికారి ఏం నేర్చుకుంటాడు? ఓపిక పట్టి తల ఊపడం నేర్చుకుంటాడు. అతన్ని తప్పుపట్టాలని నాకు ఎప్పుడూ అనిపించలేదు.

తమలాంటి సైన్యాన్నే తయారు చేయాలన్న ఆలోచన దీనికి తోడైంది. అమెరికన్ సైన్యం విమానాల అండతో, కంప్యూటర్లలో లెక్కలతో, వెనక కొండంత సరఫరా వ్యవస్థతో పోరాడుతుంది. అఫ్ఘాన్ సైన్యాన్నీ అదే అచ్చులో పోశారు. సుమారు 55 కోట్ల డాలర్లు పెట్టి జి222 అనే 20 రవాణా విమానాలు కొన్నారు. విడిభాగాలు దొరక్క, నడపలేక, 2014లో వాటిలో 16 విమానాలను ముక్కలు చేసి తుక్కు కింద 32 వేల డాలర్లకు అమ్మారు. అడవులు రెండు శాతమే ఉన్న దేశంలో సైనికుల యూనిఫాం మీద అడవి రంగుల డిజైన్ ఎంచుకున్నందుకు 2.8 కోట్ల డాలర్ల దాకా అదనపు ఖర్చు అయి ఉంటుందని అమెరికా ప్రభుత్వ ఆడిటర్లే తేల్చారు.

వీటన్నిటి కంటే నష్టం చేసింది హెలికాప్టర్ల నిర్ణయం అని నా అభిప్రాయం. అఫ్ఘాన్ మెకానిక్‌లకు రష్యన్ ఎంఐ-17 హెలికాప్టర్లు దశాబ్దాలుగా అలవాటు. వాటి మరమ్మతులు చాలావరకు వాళ్ళే చేసుకునేవారు. 2017 నుంచి వాటి స్థానంలో అమెరికన్ బ్లాక్ హాక్‌లు తేవడం మొదలుపెట్టారు. వాటి నిర్వహణ దాదాపు అంతా విదేశీ కాంట్రాక్టర్ల చేతుల్లో ఉండేది. 2021లో కాంట్రాక్టర్లు వెళ్ళిపోగానే వైమానిక దళానికి కాళ్ళు విరిగినట్టయింది. కొండల్లో దూరదూరంగా విసిరేసినట్టున్న చెక్‌పోస్టులకు తిండి, నీళ్ళు, తూటాలు చేరేదీ, గాయపడ్డవాళ్ళు ఆస్పత్రికి చేరేదీ ఆ హెలికాప్టర్లలోనే.

కాగితం మీద బెటాలియన్

ఈ మొత్తం వ్యవహారంలో మనుషులను లోపల నుంచి తినేసేది డబ్బు దొంగతనం. బెటాలియన్‌లో 500 మంది ఉన్నారని కమాండర్ రాస్తాడు, ఉండేది 300. మిగతా 200 మంది జీతం, రేషన్ అతని జేబులోకి, అతని పైవాళ్ళ జేబుల్లోకి పోతాయి. మన మాటలో దొంగ మస్టర్లు. దక్షిణ వియత్నాంలోనూ ఇది ఉంది, ఇరాక్‌లోనూ ఉంది, అఫ్ఘానిస్తాన్‌లోనూ ఉంది. చనిపోయినవాళ్ళ పేర్లు, పారిపోయినవాళ్ళ పేర్లు కూడా జాబితాల్లో బతికే ఉంటాయి.

2014 జూన్‌లో ఇరాక్‌లోని మోసుల్ నగరంలో కాగితం మీద రెండు డివిజన్ల సైన్యం ఉంది. ఐసిస్ తరఫున వచ్చినవాళ్ళు వందల్లో, మహా అయితే ఒకటి రెండు వేలలో ఉంటారు. జూన్ 10కల్లా నగరం వాళ్ళ చేతుల్లోకి వెళ్ళింది. ఆ సైన్యం మీద అమెరికా అప్పటికి ఖర్చు పెట్టింది సుమారు 2,500 కోట్ల డాలర్లు. ఆ ఏడాది చివర్లో కొత్త ప్రధాని హైదర్ అల్ అబాదీ పార్లమెంటులో ఒక సంగతి బయటపెట్టారు: నాలుగు డివిజన్లలో 50 వేల మంది సైనికులు పేర్లకే ఉన్నారని. అఫ్ఘానిస్తాన్‌లో 2019లో వేలిముద్రలతో జీతాల లెక్క సరిచూడగా జాబితాలో 40 వేలకు పైగా పేర్లు తగ్గాయి.

దీన్ని అవినీతి అని ఒక్క ముక్కలో తేల్చేస్తే దాని బరువు అర్థం కాదు. చెక్‌పోస్టులో 20 మంది ఉండాల్సిన చోట 8 మంది ఉన్నారనుకోండి. ఆ 8 మంది రాత్రిళ్ళు 20 మంది కాపలా కాయాలి. మిగతా 12 మంది జీతం ఎక్కడికి పోతోందో వాళ్ళకు తెలుసు. దాడి జరిగిన రాత్రి రేడియోలో సాయం అడగాల్సింది, ఆ జీతం తింటున్న అధికారినే.

2009లో వార్దక్ ప్రావిన్స్‌లో జరిగిన ఒక చిన్న ప్రయోగం నేను ఎప్పటికీ మర్చిపోలేను. కొన్ని డజన్ల మంది పోలీసులకు జీతం అధికారి చేతుల మీదుగా నగదుగా కాకుండా, నేరుగా మొబైల్ ఫోన్‌కు పంపారు. డబ్బు అందుకున్నవాళ్ళలో కొందరు తమకు జీతం పెరిగిందని అనుకున్నారు. పెరగలేదు. మొదటిసారి పూర్తి జీతం చేతికొచ్చింది, అంతే. కొన్నిచోట్ల కమాండర్లు కుర్రాళ్ళ ఫోన్లు లాక్కుని ఆ డబ్బు కూడా తీసుకోవాలని చూశారు.

సైన్యం మీద నమ్మకం అనే పెద్ద మాట చివరికి ఇక్కడికే వచ్చి ఆగుతుంది: నెల జీతం, గాయపడితే తీసుకెళ్ళే వాహనం, చనిపోతే ఇంటికి చేరే శవం. ఈ మూడూ నడిచిన యూనిట్లు తక్కువ శిక్షణతోనూ నిలబడ్డాయి. ఇవి నడవని యూనిట్లకు ఎన్ని వారాలు కవాతు చేయించినా వృథా. 2015-16 నాటికి అఫ్ఘాన్ సైన్యం దాదాపు మూడో వంతు మందిని ఏటా కొత్తగా చేర్చుకోవాల్సి వచ్చింది. చనిపోయినవాళ్ళు, పారిపోయినవాళ్ళు, ఒప్పందం అయ్యాక మళ్ళీ చేరనివాళ్ళు కలిపి. కారుతున్న కుండలో నీళ్ళు పోస్తూ, పోసిన బిందెలు లెక్కపెట్టడమే శిక్షణ విజయం అయింది.

ఆ లెక్కపెట్టడంలోనూ ఒక మెలిక ఉంది. యూనిట్లకు ర్యాంకింగ్ ఇచ్చే పద్ధతి ఒకటి ఉండేది. సొంతంగా పనిచేయగలదు అన్న అగ్రశ్రేణి ర్యాంకు వస్తే విదేశీ సలహాదారులు, సామగ్రి వేరేచోటికి పోతాయి. అందుకని పైకి ఎదగడం ఎవరికీ లాభసాటి కాదు. 2010లో అఫ్ఘానిస్తాన్ ఖర్చులను తనిఖీ చేసే అమెరికా ప్రత్యేక ఇన్‌స్పెక్టర్ జనరల్ ఆడిట్ చేస్తే, పై ర్యాంకు తెచ్చుకున్న యూనిట్లు కూడా తర్వాత వెనక్కి జారిపోయినట్టు తేలింది. ఆ పద్ధతిని వదిలేసి కొత్త పద్ధతి పెట్టారు, ఆ తర్వాత మరొకటి. కొలవడానికి వీలైనవి, అంటే మనుషులు, తుపాకులు, వాహనాలు, కొలుస్తూ పోయారు. ఒక సార్జెంట్ తన కెప్టెన్ మాట నమ్ముతాడా లేదా అన్నది ఏ ఫారంలోనూ లేదు.

పాలకుడి భయం వేరు

శిక్షణ ఇచ్చే దేశం ఒకటనుకుంటుంది, ఆ దేశపు పాలకుడు ఇంకోటి అనుకుంటాడు. బయటి దేశానికి కావాల్సింది తిరుగుబాటుదారులను ఓడించే సైన్యం. పాలకుడికి ముందుగా కావాల్సింది తనను కూలదోయని సైన్యం.

1963 జనవరి 2న దక్షిణ వియత్నాంలోని అప్ బాక్ దగ్గర ఇది బట్టబయలైంది. సుమారు 350 మంది కమ్యూనిస్టు గెరిల్లాలను చుట్టుముట్టడానికి అంతకు నాలుగు రెట్ల సైన్యం, అమెరికన్ హెలికాప్టర్లతో, సాయుధ వాహనాలతో వెళ్ళింది. అయిదు హెలికాప్టర్లు కూలాయి, గెరిల్లాలు రాత్రికి తప్పించుకున్నారు. సలహాదారులు రేడియోలో అరిచి గీపెట్టినా స్థానిక కమాండర్లు ముందుకు కదల్లేదు. అది పిరికితనం అని అప్పుడు చాలామంది రాశారు. కానీ అధ్యక్షుడు ఎన్గో దిన్ డియెమ్ తన కమాండర్లకు ప్రాణనష్టం జరగకూడదని ముందే గట్టిగా చెప్పి ఉన్నాడు. ఆ దళాలు ఆయనకు తిరుగుబాటుదారుల మీదకంటే, రాజధాని సైగాన్‌లో కుట్ర జరిగితే తనను కాపాడుకోవడానికి ఎక్కువ అవసరం. ఆ భయం ఉత్తదీ కాదు. అదే ఏడాది నవంబరులో సొంత జనరల్స్, అమెరికాకు తెలిసే, కుట్ర చేసి ఆయన్ని చంపారు.

ఇరాక్‌లో ప్రధాని నూరీ అల్ మాలికీ సమర్థులైన కమాండర్లను పక్కకు తప్పించి తనకు విధేయులైనవాళ్ళను పెట్టుకున్నాడు. మోసుల్ అలా పడింది. దీనికి ఇంకో అంచు పశ్చిమ ఆఫ్రికా దేశమైన మాలిలో కనిపించింది: 2012 మార్చిలో అక్కడ ప్రభుత్వాన్ని కూలదోసిన కెప్టెన్ అమదు సనోగో అమెరికాలో శిక్షణ పొందినవాడే. సైనికుణ్ణి బలవంతుణ్ణి చేయడం శిక్షణ వల్ల అవుతుంది. ఆ బలం ఎవరి మీదకు తిరగాలో శిక్షణ నిర్ణయించలేదు.

ఎవరి మీద అన్న ప్రశ్న సామాన్య సైనికుడికీ ఉంటుంది. 2003 మేలో ఇరాక్ పాత సైన్యాన్ని ఒక్క ఆదేశంతో రద్దు చేశారు. లక్షల మంది ఆయుధం పట్టడం తెలిసినవాళ్ళు జీతం లేకుండా వీధిన పడ్డారు. తర్వాత కొత్త సైన్యాన్ని మొదటి నుంచి కట్టారు. 2004 ఏప్రిల్‌లో ఫలూజాలో పోరుకు వెళ్ళమంటే ఆ కొత్త సైన్యంలో ఒక బెటాలియన్ కదలనంది. దేశాన్ని కాపాడడానికి చేరాం గానీ సాటి ఇరాకీలతో పోరాడడానికి కాదన్నారు వాళ్ళు. ఎవరితో పోరాడాలని చేరుతున్నావన్న ప్రశ్నను చేర్చుకునేటప్పుడు ఎవరూ వాళ్ళతో కూర్చుని మాట్లాడినట్టు లేదు.

కంచే చేను మేస్తే

ఇప్పటిదాకా సైనికుల వైపు నుంచే చెప్పాను. ఊరి వైపు నుంచి చూస్తే ఈ కథ ఇంకా చేదుగా ఉంటుంది. తిరుగుబాటును ఎదుర్కోవడమంటే చివరికి జనాన్ని తమవైపు తిప్పుకోవడమే కదా. ఆ పనికి పంపిన సైన్యమే జనాన్ని పీడిస్తే?

ఎల్ సాల్వడార్‌లో అమెరికా శిక్షణ ఇచ్చిన అట్లకట్ల్ బెటాలియన్ 1981 డిసెంబరులో ఎల్ మొజోతే గ్రామంలో, చుట్టుపక్కల పల్లెల్లో వందల మందిని చంపింది. చనిపోయినవాళ్ళలో పిల్లలే చాలామంది. తీవ్రమైన మానవహక్కుల ఉల్లంఘనలు చేసిన విదేశీ యూనిట్లకు అమెరికా సాయం ఇవ్వకూడదన్న నియమం చట్టాల్లోకి వచ్చింది 1997లో. లీహీ చట్టం అంటారు. అఫ్ఘానిస్తాన్‌లో కొందరు కమాండర్లు మగపిల్లలను లైంగికంగా హింసించేవారు. విదేశీ సైనికులకు అది తెలుసు. కొందరు పై అధికారులకు చెప్పారు, జోక్యం వద్దన్న సమాధానం వచ్చింది. ఉల్లంఘనలు చేసినట్టు తెలిసిన యూనిట్లకు కూడా భద్రత పేరుతో ఒక మినహాయింపు నిబంధన వాడి డబ్బు ఆపకుండా ఇచ్చినట్టు తర్వాత అమెరికా ఆడిట్‌లోనే బయటపడింది.

చెక్‌పోస్టులో వసూళ్ళు చేసే పోలీసు, పిల్లల మీద చెయ్యివేసే కమాండర్ ఉన్న ఊళ్ళో తాలిబన్లు ప్రచారం పెద్దగా చేయనక్కర్లేదు. ఇవన్నీ చూస్తూ నోరుమూసుకున్న విదేశీ సైనికుడి మీద ఊరికి ఉన్న నమ్మకం కూడా ఆ రోజుతో సరి. దీన్ని మన పరిధి కాదని వదిలేయడం నా దృష్టిలో ఈ యుద్ధంలో జరిగిన అన్నిటికంటే పెద్ద తప్పు.

కుదిరిన చోట ఏం కుదిరింది

అన్నిచోట్లా విఫలమే అంటే అబద్ధం అవుతుంది. ఒమన్‌లోని ధోఫార్‌లో 1970 నుంచి 1975 దాకా బ్రిటిష్ అధికారులు సుల్తాన్ సైన్యంతో కలిసి పనిచేసి తిరుగుబాటును ఓడించారు. కానీ అక్కడ మొదట మారింది పాలకుడు. 1970 జూలైలో తండ్రిని దించి ఖబూస్ సుల్తాన్ అయ్యాడు. లొంగిపోయినవాళ్ళకు క్షమాభిక్ష ప్రకటించాడు, బావులు, వైద్యం, బడులు మొదలుపెట్టాడు. పోరాడడానికి ఒక కారణం, పోరాటం మానడానికి ఒక కారణం రెండూ అప్పుడు దొరికాయి.

లొంగిపోయిన తిరుగుబాటుదారులతోనే 'ఫిర్ఖత్' అనే దళాలు కట్టారు. నిన్నటి శత్రువు చేతికి ఆయుధం ఇవ్వడం కంటే పెద్ద జూదం ఏముంటుంది? మొదటి దళంలో వేర్వేరు తెగలవాళ్ళను కలిపితే అది గొడవలతో చీలిపోయింది. ఆ తర్వాత ఏ తెగ దళం ఆ తెగదే, ఏ కొండ కాపలా ఆ కొండవాళ్ళదే అన్నారు. అవి క్రమశిక్షణ గల సైన్యంలా ఎప్పుడూ తయారవలేదు. ఇష్టం లేకపోతే పోరుకు వచ్చేవాళ్ళు కాదు. బ్రిటిష్ సలహాదారులు దాన్ని భరించారు. ఇరాన్ సేనల సాయమూ అందింది, పైగా అది తక్కువ జనాభా ఉన్న చిన్న ప్రాంతం. అందుకే ధోఫార్‌ను ఒక ఫార్ములాగా తీసుకెళ్ళి ఇంకోచోట పెట్టలేం.

ఇరాక్‌లోనే ఉగ్రవాద వ్యతిరేక దళం సంగతి ఇంకో ఉదాహరణ. అమెరికన్ ప్రత్యేక దళాలు దాన్ని తొలినాళ్ళ నుంచి ఏళ్ళ తరబడి పెంచాయి. చిన్నది, ఏరికోరి ఎంచుకున్నది, షియా, సున్నీ, కుర్దు అన్న తేడా లేకుండా కట్టినది. 2014లో మిగతా సైన్యం చెదిరిపోయినా అది నిలబడింది. రమాదీలో, 2016-17లో మోసుల్‌లో ఇల్లిల్లూ గాలిస్తూ పోరాడింది. మోసుల్‌లో దాని బలగంలో 40 శాతం దాకా దెబ్బతిన్నట్టు అమెరికా రక్షణశాఖ పత్రాల్లో ఉంది. ఏళ్ళ తరబడి అదే మనుషుల మధ్య పెరిగిన పరిచయం వల్ల అది సాధ్యమైంది. అయితే మంచి దళం ఒకటి చేతిలో ఉంటే దాన్నే ప్రతి మంటకూ పంపి అరగదీయడం కూడా జరుగుతుంది. అఫ్ఘాన్ కమాండోల విషయంలో జరిగింది అదే. మామూలు సైన్యం కాపాడలేని ప్రతి పోస్టుకూ వాళ్ళనే పరిగెత్తించారు. 2021 జూన్‌లో ఫర్యాబ్‌లోని దౌలతాబాద్‌లో చుట్టుముట్టబడ్డ కమాండోలు సాయం రాక 20 మందికి పైగా చనిపోయారు.

వెళ్ళిపోయే రోజు

1989 ఫిబ్రవరి 15న సోవియట్ సేనలు అఫ్ఘానిస్తాన్ వదిలి వెళ్ళాయి. వాళ్ళ అండతో నడిచిన నజీబుల్లా ప్రభుత్వం వారాల్లో పడిపోతుందని అంతా అనుకున్నారు. మార్చిలో ఆ ప్రభుత్వం మీద తిరగబడ్డ ముజాహిదీన్లు జలాలాబాద్ మీద పెద్ద దాడి చేస్తే ఆ ప్రభుత్వ సైన్యం తిప్పికొట్టింది. మూడేళ్ళకు పైగా నిలిచింది. వెనక నుంచి డబ్బు, ఇంధనం, ఆయుధాలు వస్తున్నంత కాలం నిలిచింది. సోవియట్ యూనియన్ కూలి ఆ సరఫరా ఆగాక, 1992 ఏప్రిల్‌లో పోయింది. పోరాడే శక్తి ఒక్క రోజులో ఆవిరి కాలేదు. రేపు జీతం రాదని తెలిశాక సేనానులు తమ దారి తాము చూసుకున్నారు.

మన సైన్యానికీ ఇలాంటి చేదు జ్ఞాపకం ఒకటుంది. శ్రీలంకలో భారత శాంతి పరిరక్షక దళం ఉన్న చివరి రోజుల్లో, ఈశాన్య ప్రావిన్స్‌లో తమిళ జాతీయ సైన్యం పేరుతో ఒక దళాన్ని భారత్ అండతో నిలబెట్టారు. అందులో చాలామంది బలవంతంగా పట్టుకొచ్చిన కుర్రాళ్ళు. 1990 మార్చిలో భారత సేన ఓడలెక్కేసరికే ఆ దళం ఎల్‌టీటీఈ ముందు కుప్పకూలింది. దాని ఆయుధాలు ఎల్‌టీటీఈ చేతికి చిక్కాయి. ఆ కుర్రాళ్ళను తలుచుకుంటే నాకు కోపం కంటే బాధే ఎక్కువ కలుగుతుంది.

2020 ఫిబ్రవరి 29న దోహాలో అమెరికా, తాలిబన్లు ఒప్పందం మీద సంతకాలు చేశారు. అఫ్ఘాన్ ప్రభుత్వం ఆ బల్ల దగ్గర లేదు. ఆ ఒప్పందం ప్రకారం వదలాల్సిన 5,000 మంది తాలిబన్ ఖైదీలు మాత్రం ఆ ప్రభుత్వ జైళ్ళలో ఉన్నారు. పోస్టులో కూర్చున్న సైనికుడికి ఆ వార్త ఎలా వినిపించి ఉంటుంది? తన పక్కన 20 ఏళ్ళు నిలబడ్డవాడు తనకు చెప్పకుండా ఎదుటివాడితో బేరం చేసుకున్నాడని. 2021 జూలై మొదట్లో అమెరికన్లు బగ్రామ్ స్థావరాన్ని రాత్రికి రాత్రి ఖాళీ చేశారు. వాళ్ళు వెళ్ళిన సంగతి కొన్ని గంటల తర్వాతే తమకు తెలిసిందని అక్కడి కొత్త అఫ్ఘాన్ కమాండర్ చెప్పారు.

కాబూల్ తాలిబన్ల చేతికి చిక్కిన ఆ ఆగస్టులో, అఫ్ఘాన్లు పోరాడలేదు అన్న మాట చాలా పెద్ద నోళ్ళ నుంచి వచ్చింది. తాను అధ్యక్షుడైన 2014 నుంచి అప్పటిదాకా 45 వేల మంది అఫ్ఘాన్ సైనికులు, పోలీసులు చనిపోయారని అష్రఫ్ ఘనీ 2019 జనవరిలోనే చెప్పారు. 20 ఏళ్ళలో మొత్తం మీద ఆ సంఖ్య 66 వేల దాకా ఉంటుందని అంచనా. వాళ్ళమీద అమెరికా పెట్టిన 8,800 కోట్ల డాలర్ల ఖర్చు గురించి మాట్లాడేవాళ్ళు ఈ సంఖ్యను కూడా పక్కన పెట్టుకుని మాట్లాడాలి.

అసలు ఆ సైన్యం కూలడం ఆగస్టులో మొదలవలేదు. మే నెల నుంచే లగ్మాన్ లాంటి ప్రావిన్స్‌లలో ఊరి పెద్దలు చెక్‌పోస్టుల దగ్గరికి నడిచి వస్తున్నారు. తాలిబన్ల నుంచి మాట తెచ్చారు: ఆయుధాలు దించండి, మిమ్మల్ని ఏమీ చేయం. ఆ పోస్టుల్లో చాలాచోట్ల తిండి అయిపోతోంది, తూటాలు అయిపోతున్నాయి, రేడియోలో వస్తాం వస్తాం అన్నవాళ్ళు రావడం లేదు. ఒప్పుకున్నవాళ్ళకు తాలిబన్లు మామూలు బట్టలు, దారిఖర్చులకు కొంత డబ్బు ఇచ్చి ఇళ్ళకు పంపారు. ఆగస్టు 6న మొదటి ప్రావిన్స్ రాజధాని జరంజ్ పడింది, తొమ్మిది రోజులకు కాబూల్. ఆ పోస్టుల్లోని కొందరికి నెలల తరబడి జీతం రాలేదు. అన్న మాట ప్రకారం ఆ వేసవిలో వాళ్ళ చేతికి డబ్బు ఇచ్చింది, ఇంటికి దారి చూపించింది, వాళ్ళు ఎవరితో పోరాడుతున్నారో ఆ మనుషులే.